పీత పీతే అనుకుంటే మునిగేది రైతే

(దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన సంఘం శిక్షణ తరగతుల్లో దివిసీమ నుంచి వచ్చిన ఒక ఆక్వా రైతు చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నే ఎల్బీనగర్‌లో బస్సు దిగాను. మా కృష్ణా జిల్లా వాళ్ళకి హైదరాబాద్ అంటే ముందు కనిపించేది ఆ చౌరస్తానే. విజయవాడ రోడ్డు అక్కడే ఊళ్ళోకి వస్తుంది. మెట్రో ఎక్కబోతుంటే పక్క సందులో చేపల దుకాణం తెరిచి ఉంది. గంపలో పీతలు, డెక్కలు తాళ్ళతో కట్టినవి. "ఏం పీతలు?" అని అడిగాను. "మండపీతలే అన్నా, సముద్రం మాల్. ఏది తీసుకున్నా ఒకటే రేటు" అన్నాడు. "ఇందులో రెండు రకాలున్నాయి కదా" అన్నాను. "పీత పీతే అన్నా" అని నవ్వాడు.

ఆయన తప్పేమీ లేదు. కూర వండుకునేవాళ్ళకి పీత పీతే. కానీ పిల్లల్ని కొని, చెరువులో వేసి, నెలల తరబడి మేపేవాడికి ఆ మాట ఒక పంట కాలం ఖరీదు చేస్తుంది. నాకు చేసింది. అందుకే ఆ గంపలోంచి రెండు పీతలు ఏరి తెచ్చాను. మూడోది మన నల్గొండ మిత్రుడు తన పొలంలోంచి డబ్బాలో వేసుకొచ్చాడు. మూడూ ఈ టేబుల్ మీద ఉన్నాయి. డెక్కలు కట్టే ఉన్నాయి, భయం లేదు, దగ్గరికొచ్చి చూడండి.

ఎండ్రికాయ వేరు, మండపీత వేరు

ముందు తెలంగాణ మిత్రులకు తెలిసిన ఎండ్రికాయ. వరి మడి గెట్టుకు బొక్క చేసి, రాత్రికి రాత్రి నీళ్ళన్నీ కింది మడికి పంపించేది ఇదే. దీని కాళ్ళు చూడండి. చివరి జత కూడా మిగతా వాటిలాగే మొనదేలి ఉంది. ఇది నడిచే జీవి. దీనికి సముద్రంతో పని లేదు. ఆడదాని పొట్ట కింద గుడ్లు పొదిగి, నేరుగా చిన్న చిన్న ఎండ్రికాయలే బయటికొస్తాయి. తల్లి వాటిని కొన్నాళ్ళు పొట్ట కిందే మోస్తుంది.

ఇప్పుడు మండపీతను చూడండి. చివరి జత కాళ్ళు తెడ్డులా వెడల్పుగా ఉన్నాయి. ఇది ఈదే జీవి. ఏటి మొగల్లో, మడ అడవుల్లో, ఉప్పూ మంచీ కలిసిన నీళ్ళలో పెరుగుతుంది. గుడ్లు పెట్టే వేళకి ఆడది సముద్రంలోకి వెళ్ళిపోతుంది. గుడ్లు లక్షల్లో ఉంటాయి. పొదిగిన పిల్ల పీతలా ఉండదు, కంటికి ఆనని నలుసులా ఉంటుంది. అయిదు దశలు నీళ్ళలో తేలుతూ మారి, ఆరో దశ దాటాకే పీత రూపం వస్తుంది. అందుకే దీని పిల్లను మన ఊళ్ళో మనం తీసుకోలేం. హేచరీ నుంచి కొనాలి, లేకపోతే ఏటిలో పట్టినవాళ్ళ దగ్గర కొనాలి. విత్తనం ఇంకొకరి చేతిలో ఉన్న చోట రైతుకి ఏం జరుగుతుందో పత్తి వేసిన మీకు నేను చెప్పక్కర్లేదు.

రెండు మండపీతలు

ఇక ఈ రెండూ చూడండి. డిప్ప పక్కన లెక్కపెడితే రెండింటికీ తొమ్మిదేసి పళ్ళు. రెండింటికీ తెడ్డు కాళ్ళు. తేడా ఎక్కడుందంటే నాలుగు చోట్ల.

మొదటిది నుదురు. రెండు కళ్ళ మధ్య నాలుగు పళ్ళుంటాయి. ఈ పెద్ద రకానికి అవి ఎత్తుగా, రంపంలా ఉన్నాయి. చిన్న రకానికి గుండ్రంగా, పొట్టిగా, అలల్లా ఉన్నాయి.

రెండోది డెక్క మణికట్టు. డెక్కకి ముందు ఒక కణుపు ఉంటుంది, మన మణికట్టు లాంటిది. దాని బయటి వైపు పెద్ద రకానికి రెండు ముళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి. చిన్న రకానికి ముళ్ళ చోట మొద్దుబారిన బుడిపె ఒకటి ఉంటుంది, అంతే.

మూడోది డెక్క అరచెయ్యి. కదిలే వేలు మొదలయ్యే చోట పెద్ద రకానికి రెండు పదునైన ముళ్ళు. చిన్న రకం పెద్దదయ్యేకొద్దీ ఆ చోటు నున్నగా అయిపోతుంది.

నాలుగోది వల గీతలు. పెద్ద రకానికి డెక్కల మీద, కాళ్ళన్నిటి మీద చేపల వల పరిచినట్టు గళ్ళు గళ్ళుగా గీతలుంటాయి. చిన్న రకం డెక్కల మీద అవి కనిపించవు.

రంగు మాత్రం నమ్మకండి. చిన్న రకం డెక్కలు నారింజ ఎరుపులో, పెద్దది పచ్చగా ఉంటుందని అంటారు. చాలా వరకు నిజమే. కానీ నీటిని బట్టి, మట్టిని బట్టి రంగు మారుతుంది. ముల్లు మారదు.

పెద్దదాని శాస్త్రీయ నామం సిల్లా సెర్రేటా. చిన్నదాని పేరు సిల్లా ఒలివేసియా. పెద్దది రెండు కిలోలు దాటి కూడా పెరుగుతుంది. చిన్నది సాధారణంగా కిలో లోపే ఆగిపోతుంది. ఎగుమతి వ్యాపారి బరువును బట్టి గ్రేడు కట్టి రేటు చెప్తాడు కాబట్టి ఆ తేడా నేరుగా మన జేబులోనే కనిపిస్తుంది. పైగా చిన్న రకానికి బొరియలు తవ్వే అలవాటు ఎక్కువ. మీ ఎండ్రికాయ గెట్టుకు చేసిన పనే అది మా చెరువు గట్టుకు చేస్తుంది.

పేరు ఎలా తారుమారైంది

నేను డిగ్రీలో జువాలజీ చదివాను. అప్పుడు పుస్తకంలో మండపీత పేరు సిల్లా సెర్రేటా అని చదివి, పరీక్షలో అదే రాసి పాసయ్యాను. ఆ పేరు నమ్మే మోసపోయాను. ఆ కథ మీకు తెలియాలి.

పీటర్ ఫార్స్కల్ అనే ప్రకృతి పరిశోధకుడు ఎర్ర సముద్రం ప్రాంతంలో పీతల్ని సేకరించాడు. 1763లో యెమెన్‌లో చనిపోయాడు. ఆయన రాసి పెట్టుకున్నది 1775లో అచ్చయింది. సెర్రేటా అన్న పేరు అక్కడిది. హెర్బ్‌స్ట్ అనే ఆయన 1796లో ఒలివేసియాకి పేరు పెట్టాడు. 1798లో ఫాబ్రీషియస్ ఇంకోదానికి ట్రాంక్విబారికా అని పెట్టాడు. అది మన తమిళనాడు తీరంలోని తరంగంబాడి పేరు. అప్పట్లో అది డేనిష్ వాళ్ళ స్థావరం.

1949లో ఫిలిప్పీన్స్‌లో ఎస్టంపడోర్ అనే శాస్త్రవేత్త ఇవన్నీ ఒకటి కావన్నాడు. అక్కడి జాలర్లు పీతల్ని వేరు వేరు పేర్లతో పిలిచేవాళ్ళు. మమోసాయిన్ అని వాళ్ళు పిలిచే మాట ఇవాళ్టికీ ఒక జాతి పేరులో, పారమమోసాయిన్ అని, ఉంది. కానీ 1960లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఇద్దరు ఇవన్నీ ఒకే జాతి అని, అన్నింటికీ సెర్రేటా పేరే చాలని రాశారు. 1998లో కీనన్, డేవీ, మాన్ అనే ముగ్గురు ముళ్ళూ పళ్ళూ కొలిచి, జన్యువులు చూసి, మొత్తం నాలుగు జాతులని తేల్చారు. దాదాపు నలభై ఏళ్ళు పట్టింది, జాలరి మాట నిజమని పుస్తకం ఒప్పుకోవడానికి.

మన దేశంలో ఇంకో చిక్కు వచ్చింది. ఇక్కడి వాళ్ళు రెండు రకాలున్నాయని ముందు నుంచే చెప్తూ వచ్చారు. అయితే చిన్న రకాన్ని సెర్రేటా అనీ, పెద్ద రకాన్ని ఒకసారి ఓషియానికా, ఒకసారి ట్రాంక్విబారికా అనీ రాశారు. 2014లో రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం శాస్త్రవేత్తలు డీఎన్ఏ పరీక్షలతో ఆ చిక్కు విప్పారు. మన తీరంలో దొరికే పెద్దది అసలు సెర్రేటా, చిన్నది ఒలివేసియా అని చెప్పారు. ఆ కేంద్రం శీర్గాళిలో ఉంది, తరంగంబాడికి దగ్గర్లోనే.

అంటే ఏమైంది? పాత కరపత్రంలో సెర్రేటా అంటే చిన్న పీత. కొత్త పద్ధతిలో సెర్రేటా అంటే పెద్ద పీత. పేరు ఒకటే, సరుకు రెండు.

నాకు జరిగింది

రొయ్యలకి తెల్లమచ్చ వచ్చి రెండు పంటలు పోయాక, ఒక చెరువులో పీతలు వేద్దామనుకున్నాను. ఒక ఏజెంటు వచ్చాడు. "సెర్రేటా కావాలి" అని గట్టిగానే అడిగాను. "సెర్రేటానే" అన్నాడు. బిల్లు మీద మాత్రం మండపీత పిల్లలు అని రాశాడు. అప్పు తెచ్చి డబ్బు కట్టాను. నాలుగో నెల నుంచి గట్టుకు బొరియలు మొదలయ్యాయి. నీరు కారేది, పీతలు పోయేవి. ఏడో నెల పట్టుబడి చేస్తే ఏదీ మూడు వందల గ్రాములు దాటలేదు. మా ఆవిడ పీతను చేతిలో పట్టుకుని, "వీటికి నుదుటి మీద ముళ్ళే లేవేంటి?" అంది. నేను డిగ్రీ చదివిన మనిషిని. ఆ ప్రశ్న కొనే రోజు నేను అడగలేదు.

ఏజెంటుని నిలదీస్తే పాత పుస్తకం ఒకటి తెచ్చి చూపించాడు. అందులో చిన్న పీత బొమ్మ, కింద సిల్లా సెర్రేటా అని ఉంది. "నువ్వడిగిందే ఇచ్చాను" అన్నాడు. అతనికి తెలిసే చేశాడో, తెలియక చేశాడో ఇప్పటికీ చెప్పలేను. ఏదైనా అప్పు మాత్రం నాదే.

చిన్న పీత చెడ్డదని నేను అనడం లేదు. ఉప్పు తక్కువగా ఉండే ఏటి మొగల్లో అది బాగా బతుకుతుంది. దానికి తగ్గ ధరకి, తగ్గ లెక్కతో, గట్టుకు గట్టి వల కట్టుకుని పెంచితే దాని లాభం దానికుంది. చిన్నదాన్ని పెద్దదాని పేరుతో, పెద్దదాని ధరకి అమ్మడమే అన్యాయం.

కొనేటప్పుడు

ఒకటి. ఒక్క పీతను చూసి తేల్చకండి. సంచిలోంచి చేతికొచ్చిన పది తీసి చూడండి. పిల్ల దశలో చిన్న రకానికి కూడా మణికట్టు మీద చిన్న ముల్లు ఉండొచ్చు. కాబట్టి నుదురు, మణికట్టు, వల గీతలు, మూడూ కలిపి చూడండి. మరీ గింజంత పిల్లల్లో ఇవేవీ కంటికి తెలియవు. అప్పుడు హేచరీ కాగితమే ఆధారం.

రెండు. ఏటిలో పట్టిన పిల్లల్లో వేరే పీతలు కలుస్తాయి. డిప్ప చదునుగా, పలకలా ఉండి, పక్కన మూడే పళ్ళుండి, కాళ్ళ అంచులన్నిటికీ వెంట్రుకలుంటే అది వరునా అనే చిన్న పీత. అది ఎంత మేపినా అరచేతిలో సగమే. ఒక డెక్క పెద్దదిగా, ఒకటి బుల్లిదిగా ఉంటే అది బురద మీద డెక్క ఊపుతూ తిరిగే పీత. రెండూ ఏరి పారెయ్యండి. తెల్లమచ్చ వైరస్‌ను పీతలు మోసుకొస్తాయి, రొయ్యల చెరువు పక్కనే ఉన్నవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి.

మూడు. బిల్లు మీద మండపీత అని ఉంటే ఒప్పుకోకండి. జాతి పూర్తి పేరు, పిల్లల సంఖ్య, ఎక్కడి నుంచి వచ్చాయో రాయించండి. పది పిల్లల ఫొటో అక్కడే ఫోన్లో తీసి, బిల్లుతో కలిపి దాచండి.

సంఘం అడగాల్సింది

పత్తి గింజకి 1966 విత్తన చట్టం ఉంది. దానిలో లోపాలున్నా, కనీసం ప్యాకెట్టు మీద రకం పేరు ఉండాలని మనం అడగగలం. ఆక్వా సీడు నాణ్యత కోసం ఉమ్మడి రాష్ట్రంలో 2006లో చట్టం వచ్చింది. కానీ సీడు అనగానే అందరికీ రొయ్య పిల్లే గుర్తొస్తుంది. అందుకని మన సంఘం తరఫున మూడు డిమాండ్లు పెడదాం. పీత పిల్లలు అమ్మే ప్రతి బిల్లు మీద జాతి పేరు తప్పనిసరి చెయ్యాలి. అనుమానం వస్తే రైతు ఒక పీత కాలు పంపించి పరీక్ష చేయించుకునే వీలు మత్స్యశాఖ కల్పించాలి. పాత పేర్లున్న కరపత్రాలు తీసేసి, రెండు పీతల బొమ్మలు పక్కపక్కన వేసి తెలుగులో కొత్తవి పంచాలి.

వరి, పత్తి రైతులకి ఈ పీతల గొడవ ఎందుకని ఎవరికైనా అనిపించొచ్చు. రేపు మీ దగ్గరికి కొత్త పేరుతో కొత్త విత్తనం వస్తుంది. ఆ పేరు ఎవరు పెట్టారు, ఏ సరుకుకి పెట్టారు అని అడిగే అలవాటు మనకి ఉండాలి. విడిగా అడిగితే ఏజెంటు నవ్వుతాడు. సంఘంగా అడిగితే రాసిస్తాడు.

ఈ రెండు పీతలూ ఇక్కడే ఉంటాయి. భోజన విరామంలో ఒక్కొక్కరూ వచ్చి, నుదురు చూసి, మణికట్టు తడిమి, ఏది ఏదో మీరే చెప్పండి. తప్పు చెప్తే నష్టం లేదు. ఇక్కడ తప్పు చెప్తే ఎవరికీ అప్పు కాదు.