నంద్యాల నేల చరిత్రలో మన వాటా

(నంద్యాలలోను, ఆళ్లగడ్డలోను చేసిన ప్రసంగ పాఠం)



ఈనాడు మేము మీ ముందుకు తెచ్చిన విషయం ఒక జిల్లా. మనం పుట్టి, పెరిగి, మన పెద్దలను మట్టిచేసిన ఈ నంద్యాల జిల్లా. దాని నేల, దాని చరిత్ర, దాని సంస్కృతి, వాటిలో మన వాటా. హక్కుల సభలో భూగోళ పాఠం ఎందుకని కొందరికి తోచవచ్చు. ఎందుకో ముందుగా మనవి చేస్తాము.

బెంగాల్‌లో ముర్షిదాబాదు అనే జిల్లా ఉన్నది. 1947 ఆగస్టులో అక్కడ మొదట పాకిస్తాన్ జెండా ఎగిరింది. ఆగస్టు 17న ర్యాడ్‌క్లిఫ్ తీర్పు బయటపడగానే ఆ జిల్లా భారతదేశంలో చేరింది. అక్కడి రైతు తన పొలం గట్టు దాటలేదు, గీత మాత్రం అతని మీదుగా దాటిపోయింది. ఈనాడు అలాంటి సరిహద్దు జిల్లాల నుండి దూర నగరాలకు కూలికి పోయిన బెంగాలీ ముస్లింలు, కేవలం తల్లిభాష మాట్లాడినందుకు, పరదేశీయులన్న అనుమానానికి గురవుతున్నారు. అస్సాంలో 2019 ఆగస్టు 31న ప్రకటించిన పౌర పట్టికలో 19 లక్షల మందికి పైగా చోటు దక్కలేదు. పేరులో ఒక అక్షరం తేడా, తండ్రి పేరుతో పొంతన కుదరని ఒక కాగితం కూడా ఎన్నో కుటుంబాలను చిక్కుల్లోకి నెట్టాయి.

మన జిల్లాకు దేశ సరిహద్దు లేదు. అయినా "మీరు ఎక్కడి నుండి వచ్చారు?" అన్న ప్రశ్న మన పిల్లలకు బడిలోను, ఫోనులోను ఎదురవుతూనే ఉన్నది. ఆ ప్రశ్నకు కోపంతో బదులిస్తే వాదన పెరుగుతుంది. తెలిసి బదులిస్తే ప్రశ్నే చిన్నబోతుంది. అందుకే ఈ పాఠం.

నేల

తూర్పున నల్లమల, పడమట ఎర్రమల. రెండు కొండల వరుసల నడుమ నల్లరేగడి లోయ. ఆ లోయ పొడవునా పారేది కుందూ నది. అది నంద్యాల, కోవెలకుంట్లల మీదుగా కడప జిల్లాలోకి దిగి పెన్నలో కలుస్తుంది. ఉత్తరాన కృష్ణ, శ్రీశైలం జలాశయం. తుంగభద్ర నీటిని సుంకేసుల ఆనకట్ట నుండి తెచ్చే కర్నూలు–కడప కాలువ 1860ల నాటి కుంఫిణీ కట్టడం. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ దానిని తవ్వించి, నష్టపడి, 1882లో ప్రభుత్వానికి అమ్ముకున్నది. ఆ కాలువ కిందనే మన వరి పొలాలు.

1906లో స్థాపించిన నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం పత్తికి పేరు పొందింది. అక్కడ పుట్టిన 'నరసింహ' పత్తి రకాన్ని ఎరుగని రైతు ఈ ప్రాంతంలో అరుదు. ఈ పత్తి మాటను గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరకు వస్తాము.

నీటి కథలో నష్టపోయినవారూ ఉన్నారు. 1981 నాటికి శ్రీశైలం జలాశయం కింద సుమారు వంద గ్రామాలు మునిగి, లక్ష మందికి నిలువనీడ పోయింది. ఊరు మునిగితే ఇల్లు, గుడి, మసీదు, ఖబరస్తాన్ అన్నీ ఒక్కటిగానే మునుగుతాయి. నీరు మతం అడగదు.

చరిత్ర

2022 ఏప్రిల్ 4న కర్నూలు నుండి విడివడి నంద్యాల జిల్లా ఏర్పడింది. జిల్లా కొత్తదే, నేల పాతది. ఈ నేల తన కాలంలో తానూ సరిహద్దే. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత విజయనగరపు పట్టు సడలి, గోలకొండ కుతుబ్‌షాహీల అధికారం కృష్ణ దాటి దక్షిణానికి సాగింది. 1579లో గోలకొండ సైన్యం అహోబిలం ఆలయాన్ని కొల్లగొట్టింది. దీనిని మనం దాచవలసిన పని లేదు. దాచనక్కరలేని మరొక సంగతి కూడా ఉన్నది. ఆ సైన్యాన్ని నడిపినవాడు మురహరిరావు అనే బ్రాహ్మణ సేనాని. దోపిడి సొమ్మును అతడు సుల్తానుకు కానుకగా తీసుకుపోయాడు. అదే కాలంలో ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవులను ఆదరించాడు. అద్దంకి గంగాధర కవి తన 'తపతీ సంవరణోపాఖ్యానము'ను అతనికే అంకితమిచ్చాడు. మరో వైపు చూడండి. విజయనగర రాజు రెండవ దేవరాయలు తన సైన్యంలో ముస్లింలను చేర్చుకొని, వారికి మసీదు కట్టించాడు. రాజ్యాలు భూమి కోసం, సొమ్ము కోసం పోరాడాయి. వాటిని కేవలం మతాల పోరుగా చదివితే మురహరిరావు అర్థం కాడు, దేవరాయలూ అర్థం కాడు.

నంద్యాల పాలకులు కూడా తెలుగు సాహిత్యానికి నిలువెత్తు కానుక ఇచ్చారు. పింగళి సూరన 'కళాపూర్ణోదయము' నంద్యాల కృష్ణరాజుకు అంకితం. మన పిల్లలకు ఈ మాట తెలియాలి, ఎందుకంటే ఈ ఊరి కావ్యం ఈ ఊరి వారందరిదీ.

1800లో నిజాం ఈ సీమను కుంఫిణీకి దత్తం చేశాడు. అప్పటి నుండి దశాబ్దాలపాటు ఇప్పటి మన జిల్లాలో మూడు పాలనలు పక్కపక్కనే నడిచాయి. నంద్యాల, శిరివెళ్ల కర్నూలు నవాబు కింద. కోవెలకుంట్ల కుంఫిణీ కింద. బనగానపల్లె తన సొంత నవాబు కింద. ఎడ్లబండి మీద పోయే మనిషి ఒకటి రెండు రోజులలో ముగ్గురు దొరల నేలను తొక్కేవాడు.

1839లో కుంఫిణీవారు కర్నూలు కోటలో ఆయుధాలు దాచారన్న నేరం మోపి, నవాబు గులాం రసూల్‌ఖాన్‌ను పదవి నుండి దించి తిరుచిరాపల్లికి పంపారు. మరుసటి ఏడు ఆయన అక్కడే మరణించాడు. ఏడేళ్లు గడవకముందే, 1846లో, ఇదే సీమలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డాడు. అతని వెంట నడిచినవారిలో కట్టుబడులు ఎందరో ఉన్నారు. ఊరికి చాకిరి చేసినందుకు తరతరాలుగా అనుభవిస్తున్న ఇనాం భూములను కుంఫిణీ లాగేసుకుంటుందన్న మంట వారిది. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో నరసింహారెడ్డిని ఉరితీశారు. నవాబు కథ, పాలెగాడి కథ వేరువేరు పుస్తకాలలో ఉంటాయి. నేల ఒకటే, దొర ఒకడే, తగాదా కూడా చాలవరకు ఒకటే: ఈ భూమి ఎవరిది, ఏ కాగితం మీద?

బనగానపల్లె సంస్థానం 1948 వరకు నిలిచి, మద్రాసు రాష్ట్రంలో విలీనమై కర్నూలు జిల్లాలో చేరింది. ఈనాడు ఆ నవాబుల బంగళాను జనం 'అరుంధతి' సినిమా బంగళా అని చూడటానికి వస్తారు. ఒక సంస్థానపు చరిత్ర దయ్యాల కథగా మిగిలిపోవడం చరిత్ర తప్పు కాదు, చెప్పేవారు లేకపోవడమే కారణం. అయితే మామిడిపండు మాత్రం ఆ పేరును మరువనివ్వలేదు. 2017లో బనగానపల్లె మామిడికి భౌగోళిక గుర్తింపు లభించింది. దాని మరో పేరు బేనిషాన్, అంటే మచ్చలేనిది. ఆ పేరులో ఉన్నది మన ఇళ్లలోని భాషే.

ఇంకొక గౌరవం నంద్యాలకే దక్కింది. 1928 నవంబరులో ఇక్కడ జరిగిన ఆంధ్ర మహాసభ సందర్భంలోనే, 'దత్త మండలాలు' అన్న చిన్నచూపు పేరును వదిలి 'రాయలసీమ' అన్న పేరును చిలుకూరి నారాయణరావు సూచించగా సీమవారు స్వీకరించారు. ఒకరు మరొకరికి ధారపోసిన నేలగా పిలిపించుకోవడం వారికి ఇష్టం లేకపోయింది. పేరు మార్చుకోవడం కూడా హక్కుల పోరాటమేనని మన ఊరే చూపింది.

సంస్కృతి

ఇప్పుడు పత్తి దగ్గరకు వద్దాము. పత్తి పండే సీమలో దూది ఏకేవారు ఉంటారు. దూదేకులవారు, నూర్‌బాషాలు అలా ఈ నేలలోనుండి మొలిచిన ముస్లింలు. వారి ఇంటి మాట తెలుగు, వారి చేతి విల్లు పత్తిది. యంత్రం వచ్చి ఆ విల్లును అటకెక్కించింది. ఉర్దూ రాదని వారిని తక్కువగా చూసే అలవాటు మనలో కొందరికి ఉన్నది. అది ధర్మమూ కాదు, చరిత్రా కాదు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యులలో మిన్న అయిన సిద్ధయ్య దూదేకుల ఇంట పుట్టినవాడని సంప్రదాయం చెబుతున్నది. వీరబ్రహ్మం పశువులు కాచి, కాలజ్ఞానం రాసినట్లు చెప్పే చోటు మన బనగానపల్లె దగ్గరి రవ్వలకొండ. సీమలో పాడుకునే తత్త్వాలలో "సిద్ధా" అన్న పిలుపు వినబడినప్పుడు, అది ఒక తెలుగు ముస్లింను పిలిచిన పిలుపని మన పిల్లలకు చెప్పండి.

ఇక పీర్ల పండుగ. మొహర్రం నాడు సీమ పల్లెల్లో పీర్లచావిడి ముందు గుండం తొక్కేవారిలో అన్ని కులాలవారూ ఉంటారు. ఈ ఆచారాలలో ఏది ధర్మబద్ధం, ఏది కాదు అన్న చర్చ ఉలమాల మధ్య ఉన్నది. ఆ చర్చలోకి మేము ఇప్పుడు పోవడం లేదు. చరిత్రగా మాత్రం ఒక సంగతి చెప్పితీరాలి. ఈ సీమలో హుస్సేనయ్య, మస్తానమ్మ, దస్తగిరి అన్న పేర్లు పెట్టుకున్న హిందూ కుటుంబాలు ఊరూరా ఉన్నాయి. పక్క ఇంటివాడు తన బిడ్డకు మన పేరు పెట్టుకున్నాడంటే, ఆ ఊరిలో మనం పరాయివాళ్లం కామని అంతకన్న గట్టి సాక్ష్యం ఏ కోర్టుకు కావాలి?

ఆళ్లగడ్డ శిల్పుల ఉలి దేశమంతటా పేరు పొందింది. అదే రాతి సీమలో రోళ్లకు, తిరగళ్లకు కక్కు కొట్టి బతికిన తురక కాశలు కూడా ఉన్నారు. అత్తరు సాయిబులు, ఫకీర్లు, హజ్జాములు, లబ్బీలు, గారడీ సాయిబులు, ఎలుగును ఆడించినవారు. బి.సి.–ఇ జాబితాను పథకాల కాగితంగానే చూడకండి. అది చెమటతో బతికిన తెలుగు ముస్లింల చరిత్ర పుస్తకం.

ఈనాటి పణం

2011 జనగణన నాటికి ఉమ్మడి కర్నూలు జిల్లాలో సుమారు ఆరుగురిలో ఒకరు ముస్లిం. 2007 చట్టం వల్ల వెనుకబడిన ముస్లిం శ్రేణులకు 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానిని కొట్టివేసింది. మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీదనే అది నడుస్తున్నది. అంటే మన పిల్లల సీట్లు ఒక తాత్కాలిక ఉత్తర్వు నీడలో ఉన్నాయి. ఆ నీడ ఉన్నంతలో చదువును, ముఖ్యంగా ఆడపిల్లల చదువును, ముందుకు నడపడం మన బాధ్యత. 1947లోనే డాక్టర్ అబ్దుల్ హఖ్ కర్నూలులో ఉస్మానియా కళాశాలను నిలబెట్టారు. దేశం రెండుగా చీలిన ఏట ఆయన కట్టినది కళాశాల. ఆ ఎన్నికను మనం మరువరాదు.

రెండవది వక్ఫ్. 2025 సవరణ చట్టం 'వాడుక వల్ల వక్ఫ్' అన్న పద్ధతిని ఇకముందుకు తొలగించింది. ఇంతకుముందే నమోదైనవాటికి, వివాదంలో గాని ప్రభుత్వ భూమి అన్న వాదంలో గాని లేనంతవరకు, రక్షణ ఉంచింది. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఆ చట్టంలోని కొన్ని నిబంధనలను నిలిపివేసింది గాని, ఈ నిబంధనను నిలపలేదు. దీని భావం ఏమిటి? "మా తాతల నాటి నుండి ఇక్కడే నమాజు చేస్తున్నాము, ఇక్కడే మట్టి ఇస్తున్నాము" అన్న మాట ఒక్కటే ఇక చాలదు. కట్టుబడుల నాటి ప్రశ్నే మళ్లీ వచ్చింది: ఏ కాగితం మీద?

కాబట్టి ప్రతి ఊరి జమాతుకు మా మనవి ఇది. మీ మసీదు, దర్గా, ఈద్గా, ఆషూర్‌ఖానా, ఖబరస్తాన్ సర్వే నంబర్లు రాసుకోండి. బ్రిటిష్ వారి ఇనాం కమిషన్ నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టరు నకలు, వక్ఫ్ గెజెట్ నకలు, అడంగలు నకలు మూడింటినీ ఒకచోట చేర్చండి. వాటిలో తేడా ఉంటే వివాదం వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. ఇంటింటా ఆధార్, ఓటరు కార్డు, బడి సర్టిఫికెట్లలో పేర్లు సరిచూడండి. ఒకచోట షేక్, మరొకచోట షేఖ్, ఇంకొకచోట ఇంటిపేరు ముందు, వెనుక. ఇవి చిన్న తేడాలు కావని అస్సాం చెప్పింది. ఆడవారి పేర్లను మరింత జాగ్రత్తగా చూడండి. పెండ్లికి ముందు ఒక పేరు, తరువాత మరొకటి రాయించడం మానండి.

మూడవది, చెప్పడం. ఊరి పెద్దల మాటలను ఫోనులోనైనా భద్రపరచండి. దూది విల్లు ఎలా పట్టేవారు, కక్కు ఎలా కొట్టేవారు, ఏ పీరును ఏ ఇంటివారు ఎత్తేవారు, ఏ కరవులో ఎవరు ఎవరికి గింజలు పెట్టారు, ఇవన్నీ రాయించండి. పక్క వీధి హిందూ పెద్దల నోట కూడా రాయించండి, ఎందుకంటే మన చరిత్రలో సగం వారి జ్ఞాపకంలో ఉన్నది, వారి చరిత్రలో కొంత మన దగ్గర ఉన్నది.

సోదరులారా, కుందూ నీరు ఏ గట్టును అడిగి పారదు. ఆ గట్ల మీద బతికినవారే మనం. ఈ నేల మీద మన హక్కు ఎవరి దయ వల్ల వచ్చినది కాదు. మన పెద్దలు ఏకిన పత్తిలో, కొట్టిన రాతిలో, ఇచ్చిన మట్టిలో అది ఉన్నది. ఉన్నదానిని రాసిపెట్టడం, నిలబెట్టుకోవడం మన పని. ఈ రాత్రి ఇంటికి పోయి, పెట్టెలో ఉన్న పాత కాగితాలను ఒకసారి బయటికి తీయండి.

వస్సలాం.