పోలింగు కేంద్రములో ఒక దినము



వోటు వేయుటను గూర్చి చెప్పువారు పలువురు గలరు. వోటు వేయించు కొలువును గూర్చి చెప్పువారు తక్కువ. బల్లమీద పట్టిక పఱచుకొని, వచ్చినవారి పేరు పైకి చదివి, వ్రేలికి సిరా పూసి, మఱుగులోనికి పంపు కొలువు అది. నేను కోయిలకుంట్ల ప్రాంతమున పిల్లలకు తెలుగు చెప్పి 2018లో ఉద్యోగము విరమించిన పంతులను. ఉద్యోగకాలమున ఎన్నికలు వచ్చినపుడెల్ల ఆ కొలువు నాకు తప్పలేదు. అందు నేను చేసిన తప్పొకటి, నేర్చినదొకటి కలవు. ఆ రెంటిని నేడు మీకు విన్నవించెదను.

మా ఊరి చరిత్ర మీలో అనేకులకు తెలిసినదే. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఇచ్చటి ఖజానాపై బడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదీన కుంపిణీవారు ఆయనను ఇచ్చటనే ఉరితీసిరి. తమ్మేలువారు తమకు వలదని చెప్పుటకు నాటి రైతునకు కత్తి తప్ప వేఱొక సాధనము లేకుండెను. తరువాత బ్రిటిషువారి కాలముననే, 1937లోను 1946లోను, శాసనసభ లకు ఎన్నికలు జరిగినవి. కాని వోటు పన్ను కట్టువానికి, చదువుకొన్నవానికి, అట్టి అర్హతలు గల కొందఱికే యుండెను. కూలివానికి లేదు, కూలివాని భార్యకు అసలే లేదు.

1951-52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికలతో ఆ గోడ కూలినది. ఇరువదియొక్క యేండ్లు నిండిన ప్రతివారికిని వోటు వచ్చినది. అప్పుడు మన జిల్లా ఇంకను చెన్నపురి రాష్ట్రములోనే యున్నది. దేశమంతటను పదునేడు కోట్లకు పైగా వోటర్లు; వారిలో చాలమంది అక్షరము రానివారు. అందుచేత అభ్యర్థికొక పెట్టె పెట్టి, దానిపై అతని గుఱుతు అంటించిరి. నాటి ప్రధాన ఎన్నికల కమీషనరు సుకుమార్ సేన్ గారికి ఒక విచిత్రమైన చిక్కు వచ్చినది. పేరేమని యడిగిన, ముఖ్యముగా ఉత్తర రాష్ట్రములలో, చాలమంది స్త్రీలు "ఫలానావాని భార్యను, ఫలానావాని తల్లిని" అని చెప్పిరే గాని సొంత పేరు చెప్పలేదు. అట్టి పేర్లు ఇంచుమించు 28 లక్షలు పట్టికలో చేరకుండ పోయినవి. పేరు లేనివారికి వోటు లేదని ఆయన పట్టుపట్టెను. తరువాతి ఎన్నికలనాటికి ఆ స్త్రీలలో పెక్కుమంది తమ పేరు తాము చెప్పుకొనిరి. ఈ సంగతి మనస్సున నుంచుకొనుడు. నా తప్పు కూడ ఒక స్త్రీ పేరునకు సంబంధించినదే.

అది 1985 మార్చి నెల. రాష్ట్ర శాసనసభకు ఎన్నికలు. అప్పటికి మండలములు ఏర్పడలేదు, తాలూకాలే. కుందేటి పరీవాహమున నల్లరేగడి పొలముల నడుమనున్న ఒక గ్రామమునకు నన్ను మొదటి పోలింగు అధికారిగా వేసిరి. ముందునాటి సాయంకాలము లారీలో ఇనుప పెట్టెలు, బ్యాలెట్టు కాగితములు, లక్క, దారము, క్రొవ్వొత్తులు వేసుకొని పోయి, ఆ ఊరి బడిలోనే బల్లలమీద పరుండితిమి. తెల్లవాఱకమున్నే ప్రిసైడింగు అధికారి మమ్ము లేపెను. ఆయన దూరపు ఊరి ప్రధానోపాధ్యాయుడు, పెద్దవాడు. పెట్టెను బోర్లించి ఖాళీగా నున్నదని ఏజెంట్లకు చూపి, కాగితపు సీలుపై వారిచేత సంతకములు చేయించి, తరువాతనే మూత వేసెను.

నా పని చిన్నది. వోటరు తెచ్చిన చీటి చూచి, పట్టికలోని పేరును, వరుస సంఖ్యను పైకి చదువవలెను. ఏజెంట్లు విందురు. ఎవరును కాదనకున్న, ఆ పేరు క్రింద గీత గీయవలెను. అంతే. కాని ఆ గీతయే వోటు. అది పడిన పిమ్మట ఆ పేరుగల మనిషికి ఆ దినమున మఱియొక వోటు లేదు.

ఉదయము రద్దీగా నుండెను. ఒక పడుచు చీటి నా ముందుంచినది. పేరు చదివితిని. ఏజెంట్లు ఇరువురును ఆ ఊరివారే; ఇరువురును ఊరకుండిరి. గీత గీసితిని. పట్టికలో పేరు ప్రక్క వయస్సు కూడ వ్రాసియుండును. అది నేను చూడలేదు.

మూడు గంటలవేళ కళ్లము పని ముగించుకొని ఒక వృద్ధురాలు వచ్చినది. తల నిండ పొట్టు. చీటి చూచితిని, గీత గీసిన పేరే. అప్పుడు వయస్సు చూచితిని, యేబదియెనిమిది. ఉదయము వచ్చిన పడుచునకు పాతికేండ్లుండవు. నా చేయి చల్లబడినది.

"నీ వోటు పడిపోయినదమ్మా" అంటిని.

"నేను ఇంగ ఇప్పుడే గదా వస్తాండేది అయ్యోరూ! నా వోటు యాడికి పాయ?" అని ఆమె అడిగెను. కోపముతో గాదు, పోయిన కోడిపెట్టను అడిగినట్లు అడిగెను.

ప్రిసైడింగు అధికారి లేచి వచ్చి ఆమెను కొన్ని ప్రశ్నలడిగి, ఆమెయే అసలు మనిషి యని నిశ్చయించెను. ఇట్టిచోట చట్టమొక దారి చూపినది. దానిని టెండర్డు వోటు అందురు. కట్టలోని చివరి కాగితము తీసి, వెనుక తన చేతితో ఆ మాట వ్రాసి, ఆమెకిచ్చిరి. ఆమె మఱుగునకు పోయి ముద్ర వేసి తెచ్చినది. అది పెట్టెలో పడదు. వేఱొక కవరులో పెట్టి, పట్టికలో ఆమె వ్రేలిముద్ర తీసికొందురు.

"ఇది లెక్కలో కలుస్తాదా సామీ?" అని ఆమె అడిగెను.

ఆ పెద్దమనిషి అబద్ధమాడలేదు. "లెక్కింపులో కలియదమ్మా. ఎవరైన వ్యాజ్యము వేసిననే ఈ కవరు సంగతి వచ్చును" అనెను.

ఆమె కొంచెము సేపు నిలిచి, బొటనవ్రేలు చాచి, "ఏసి పోతాలే. నేను వచ్చినట్టన్నా తెలియల్ల గదా" అని వ్రేలిముద్ర వేసి పోయినది.

ఆ రాత్రి పెట్టెలప్పగించి వచ్చునప్పుడు లారీలో నేనెవరితోను మాటాడలేదు. ఏజెంట్లు ఆ ఊరివారు. ఇరువురికిని ఆ వృద్ధురాలు తెలిసినదే. అభ్యంతరము చెప్పదలచినవాడు రెండు రూపాయలు కట్టి చెప్పవచ్చును. అధికారి అక్కడనే విచారించి తేల్చవలెను. ఆ రెండు రూపాయలు ఎవరును కట్టలేదు. నీ చీటిని నేను చూడను, నా చీటిని నీవు చూడవలదని వారు ఒప్పుకొనియుండిరని తరువాత వింటిని. ఇరుపక్షములు పోట్లాడుకొనుట ఊరికి కీడని అందఱెఱుగుదురు. ఇరుపక్షములు ఇట్లు ఒప్పుకొనుట అంతకంటె కీడని ఆనాడు నాకు తెలిసినది. కాని వారి తప్పు వారిది; నా తప్పు నాది. ఒక సంఖ్య చూడవలసినవాడను చూడలేదు.

చెన్నపురికి దాపున, కాంచీపురము ప్రాంతమున ఉత్తరమేరూరు అను గ్రామము కలదు. అచ్చటి గుడి గోడలపై మొదటి పరాంతక చోళుని కాలపు శాసనములున్నవి. పదవ శతాబ్దము మొదటి పాదమునాటివి. గ్రామసంఘములకు సభ్యులనెన్నుకొను పద్ధతి వానిలో నున్నది. పేర్లు తాటాకు చీటీలపై వ్రాసి కుండలో వేయుదురు. ఏమియు నెఱుగని చిన్నవానిచేత సభ నడుమ చీటీ తీయింతురు. దానిని అందుకొను మధ్యస్థుడు అయిదు వ్రేళ్లును చాచిన అరచేతితోనే అందుకొనవలెనట! వెనుక సంఘములో నుండి లెక్క చూపనివాని పేరు కుండలో వేయుటకే వీలులేదు. అది చీట్లు తీయు పద్ధతి గాని మన వోటు పద్ధతి గాదు. ఐనను ఆ చాచిన అయిదు వ్రేళ్లు నా మనస్సులో నిలిచినవి. కొలువు చేయువాని చేయి తెఱచియుండవలెను. వోటు వేయువాని చేయి మూసియుండవలెను. ఈ రెండును తాఱుమాఱైనచోటనే అన్యాయము ప్రవేశించును. 1985లో నా చేయి తెఱచియున్నదనుకొంటిని. అందొక వ్రేలు ముడుచుకొని యుండెను.

నాటినుండి పేరుతో పాటు వయస్సును, తండ్రి పేరునో భర్త పేరునో కూడ బిగ్గఱగా చదివి, మొగము చూచి మఱి గీత గీసితిని. వరుస నిదానముగా కదలుచున్నదని విసుగుకొన్నవారు కలరు. విసుగు ఓర్చుకొనవచ్చును.

మూసిన చేతి సంగతి 2004లో తెలిసినది. ఆ యేడు దేశమంతటను యంత్రములతో వోటింగు జరిగినది. నేను మా జిల్లాలోనే మఱియొక గ్రామమున ప్రిసైడింగు అధికారిని. ఏప్రిల్ ఎండ మండుచుండెను. ఊరి పెద్దయొకాయన ఆరుగురు ముసలివారిని వెంటబెట్టుకొని వచ్చెను. "అయ్యవారూ, వీరికి చూపానదు. ఒక్కొక్కరి వెంట నేనే వచ్చి నొక్కెదను" అనెను. ఆయన మంచివాడు, వానలు లేనియేట ఆ ముసలివారికి గింజలిచ్చి బ్రదికించినవాడని విన్నాను. కాని నియమము వేఱు. చూపు లేనివారికి, అశక్తులకు తోడు వచ్చు మనిషి పదునెనిమిదేండ్లు నిండినవాడై యుండవలెను. ఆ దినమున ఒక్కరికే తోడు పోవలెను. వోటు ఎవరికి పడినదో బయట చెప్పనని వ్రాసి యియ్యవలెను. ఆ మాటయే చెప్పితిని. "నేను వారికి కీడు చేయుదునా?" అని ఆయన నొచ్చుకొనెను. "చేయరు. కాని మీరు పెట్టిన గింజలు వేఱు, వారి వోటు వేఱు" అంటిని. ఆయన వెలుపలికి పోయి వేపచెట్టు క్రింద కూర్చుండెను. సాయంకాలమువఱకు నా వంక చూడలేదు. ఆ ముసలివారిలో ఇరువురు మనుమల తోడుతో వచ్చి వోటు వేసిరి. నలుగురు, "మాకు గుఱుతు కానవచ్చునులే" అని ఒంటరిగా లోనికి పోయి నొక్కి వచ్చిరి!

గడువు ముగియువేళకు వాకిట ఇంకను వరుస యున్నది. అప్పటికి వరుసలో నున్న ప్రతివారికిని హక్కున్నది. వారికి చీటీలిచ్చునపుడు మొదటివానినుండి గాక, చిట్టచివరివానినుండి ఇచ్చుకొని రావలెను. అప్పుడు వెనుక క్రొత్తవాడు చేరజాలడు. చిన్న ఉపాయమే, కాని ఎంతటి తగవును తప్పించును! తరువాత యంత్రమును మూసి, పడిన వోట్ల మొత్తమును 17-సి అను పత్రములో వ్రాసి, ఏజెంట్లకు తలకొక ప్రతి ఇయ్యవలెను. ఉత్తరమేరూరువారు లెక్క చూపనివానిని ఏల త్రోసివేసిరో ఆ పత్రముపై సంతకము చేయునపుడెల్ల జ్ఞప్తికి వచ్చెడిది.

ఇప్పుడు పనిముట్లు మెఱుగైనవి. 2019 సార్వత్రిక ఎన్నికలనాటికి ప్రతి కేంద్రమునను చీటీ చూపు యంత్రము కూడ వచ్చినది. మీరు నొక్కిన గుఱుతు ఏడు సెకండ్లు అద్దములో కానవచ్చును. ఉదయమున ఏజెంట్ల యెదుట కనీసము ఏబది నమూనా వోట్లు వేసి చూపి, వానిని తుడిచివేసి మఱి పోలింగు మొదలుపెట్టుదురు. మంచిదే. కాని ఏ గుఱుతు నొక్కబడినదో యంత్రము చూపగలదు; ఎవరి మనస్సు నొక్కించినదో చూపలేదు. వచ్చినది అసలు మనిషియో కాదో చెప్పవలసినవారు, నేటికిని, బల్ల ప్రక్కన కూర్చున్న మీ ఊరివారే.

ఒక్క వోటునకు ఇంత రభస యేల యని కొందఱడుగుదురు. మా నంద్యాల లోక్‌సభ స్థానమునుండి 1991 ఉప ఎన్నికలో పి.వి. నరసింహారావుగారు అయిదు లక్షల ఎనుబదివేలకు పైగా ఆధిక్యముతో గెలిచిరి. కర్ణాటకమున సంతెమరహళ్లి శాసనసభ స్థానమున 2004లో గెలుపు ఒకే ఒక్క వోటుతో తేలినది. బల్లవద్ద కూర్చున్నవానికి తాను గీయు గీత ఈ రెంటిలో దేనికి చెందునో తెలియదు. తెలియదు గనుకనే ప్రతి గీతయు ఒక్కటే అని గీయవలెను.

పెద్దలారా! మీ మాటకు ఊరిలో విలువ గలదు గనుక మిమ్ము నాలుగు సంగతులు కోరుచున్నాను. ఎన్నికకు ముందే పట్టిక తెప్పించి చూడుడు. చనిపోయినవారి పేర్లు తీయింపుడు, పదునెనిమిదేండ్లు నిండినవారి పేర్లు చేర్పింపుడు. ఒకరి చీటి వేఱొకరి చేతికి పోనీయకుడు. ఏజెంటుగా కూర్చున్న మీవానితో, తప్పు కనబడిన తన పక్షముదైనను నోరు తెఱువుమని చెప్పుడు. మీ యింటి స్త్రీలు, పాలేళ్లు, ముసలివారు ఎవరికి వేసిరో ఎన్నడును అడుగకుడు. ఆ రహస్యమును బయటపెట్టు అధికారికి, ఏజెంటుకు మూడు నెలలవఱకు జైలుశిక్ష పడవచ్చునని చట్టము చెప్పుచున్నది. ఇంట అడుగు పెద్దకు చట్టము శిక్ష వేయలేదు. ఆ నిగ్రహము మీ సొంతము.

ఆ వృద్ధురాలి కవరు ఎన్నడును విప్పబడలేదు. లెక్కలో కలియని ఆ వోటు నా లెక్కలో మాత్రము నేటికిని ఉన్నది. అట్టి కవరు మీ ఊరిలో ఒక్కటియు లేకుండ చూచుకొనుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.