కరెంటు పోయినా చేపకు ఊపిరాడాలి

ఎండాకాలంలో కోతలు, తొలకరి గాలివానకు తెగిపడే తీగలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు. మన ఇళ్లలో కరెంటు పోవడానికి ఏడాది పొడుగునా ఏదో ఒక కారణం ఉంటూనే ఉంటుంది. పోగానే మనకు ఫ్యాను గుర్తొస్తుంది, ఫ్రిజ్‌లో పాలు గుర్తొస్తాయి, సెల్‌ఫోను చార్జింగు గుర్తొస్తుంది. హాల్లో ఓ మూలనున్న చేపల తొట్టె మాత్రం తెల్లారేదాకా గుర్తు రాదు. కుక్కపిల్లయితే మూలుగుతుంది, చిలకైతే అరిచి గోల చేస్తుంది. చేప అలా మనల్ని పిలవలేదు. దాని అవసరం మనమే ముందుగా తెలుసుకుని ఏర్పాటు చేసి ఉంచాలి. ఆ ఏర్పాటు ఏమిటో, దాని వెనకున్న శాస్త్రం ఏమిటో ఇవాళ చెప్పుకుందాం.

ముందే ఒక మాట చెబుతాను. దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. తొట్టెకు లైటు, ఫిల్టరు, హీటరు, ఎయిర్ పంపు అన్నీ తగిలించి ఉంటాయి కాబట్టి, కరెంటు పోతే అన్నిటినీ నడపాలేమో అని భయపడతాం. కానీ ఆ వేళ వాటిలో ప్రాణాధారం గాలి ఒక్కటే. గాలి అందుతూ ఉంటే మిగతావి కొంతకాలం ఆగినా ఫర్వాలేదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే లెక్కలన్నీ తేలికవుతాయి.

అసలు నీళ్లలో చేపకు దొరికే ఆక్సిజన్ ఎంతో చూడండి. మనం పీల్చే గాలి ఒక లీటరు తీసుకుంటే అందులో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. లీటరు నీళ్లలో, 20 డిగ్రీల దగ్గర, కరిగి ఉండగలిగేది 9 మిల్లీగ్రాములే. నీళ్లు 30 డిగ్రీలకు వేడెక్కితే అది ఏడున్నరకు పడిపోతుంది. అదే వేడికి చేప ఒంట్లో పనులు వేగం అందుకుని, దానికి ఆక్సిజన్ ఇంకా ఎక్కువ కావలసి వస్తుంది. నీళ్లలో తగ్గడం, ఒంట్లో అవసరం పెరగడం రెండూ ఒక్కసారే జరుగుతాయన్న మాట. అందుకే మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో కరెంటు పోతే, జనవరిలో పోయిన దానికంటే చాలా త్వరగా ప్రమాదం ముంచుకొస్తుంది.

మూడడుగుల తొట్టెలో వంద లీటర్ల నీళ్లు ఉన్నాయనుకోండి. ఆ నీళ్లన్నిటిలో కరిగిన ఆక్సిజన్ మొత్తం కలిపినా ఒక గ్రాము ఉండదు. ఆ కాస్తలోనే చేపలు, నత్తలు, కంటికి కనిపించని బాక్టీరియా అన్నీ పంచుకోవాలి. పగటి వెలుతురులో ఆక్సిజన్ ఇచ్చే నీటిమొక్కలు కూడా చీకటి పడితే అందులోంచే తీసుకుంటాయి.

ఖర్చయిన ఆక్సిజన్ మళ్లీ ఎక్కడి నుంచి రావాలి? నీటి పైపొర నుంచే. గాలీ నీళ్లూ తాకే చోటే ఆక్సిజన్ లోపలికి దిగుతుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. ఎయిర్ స్టోన్ నుంచి పైకి లేచే బుడగల్ని చూసి, గాలంతా ఆ బుడగల్లోంచే కరుగుతుందనుకుంటాం. కొంత కరిగే మాట నిజమే. కానీ బుడగలు చేసే పెద్ద పని వేరే ఉంది. అవి అడుగు నీళ్లను పైకి తెస్తాయి, పైపొరను కదుపుతూ ఉంటాయి. ఆ కదలిక ఆగితే పైన పలచటి పొరలో తప్ప కింద ఆక్సిజన్ తరిగిపోతుంది.

ఇబ్బంది మొదలైందని తెలుసుకోవడానికి ఒక్క నిమిషం తొట్టె దగ్గర నిలబడితే చాలు. టార్చి వెలుగు నేరుగా వాటి మీద వేయకుండా పక్కనుంచి చూడండి. మామూలుగా అడుగున తిరిగే చేప కూడా పైకి వచ్చి, మూతి నీటి అంచుకు ఆనించి, నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. మొప్పలు గబగబా ఆడుతుంటాయి. ఆకలితో వచ్చిందనుకుని మేత వేయకండి. అది ఊపిరి కోసం వచ్చింది.

భీమవరం, కైకలూరు ప్రాంతాల రొయ్యల రైతులకు ఇది వేరే చెప్పక్కర్లేదు. చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తగ్గేది తెల్లవారుజామున. రాత్రంతా చెరువులోని జీవాలన్నీ వాడుకుంటాయి, సూర్యుడు వచ్చేదాకా నాచు తిరిగి ఇవ్వదు. ఆ వేళ కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే రైతు గట్టు మీద ఒక్క క్షణం నిలవలేడు, డీజిల్ జనరేటర్ వేస్తాడు. ముందు ఏరేటర్ తిరగాలి, మిగతా పనులు ఆ తర్వాతే. మన ఇంటి తొట్టెకూ అదే వరస. చెరువు ఎకరాల్లో ఉంటుంది, మన తొట్టె అడుగుల్లో ఉంటుంది, అంతే తేడా.

ఇక ఏర్పాట్ల సంగతి. ముందు కరెంటు లెక్క. చిన్న ఎయిర్ పంపుకు మూడు నుంచి అయిదు వాట్లు చాలు. వంద లీటర్ల తొట్టెలో పెట్టే హీటరుకు వంద వాట్ల దాకా కావాలి. హీటరును బ్యాటరీ మీద నడపాలని చూస్తే ఎంత పెద్ద బ్యాటరీ అయినా త్వరగా దిగిపోతుంది. లైటు చేపలకు కాదు, మనం చూసుకోవడానికి. కాబట్టి కరెంటు పోగానే ఈ రెండింటి ప్లగ్గులూ తీసేయండి.

గాలికి అన్నిటికంటే తేలిక ఏర్పాటు యూఎస్‌బీ ఎయిర్ పంపు. అక్వేరియం సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. ఒకటి, రెండు వాట్లే తీసుకుంటుంది, సెల్‌ఫోను పవర్ బ్యాంకుతో నడుస్తుంది. పదివేల మిల్లీయాంపియర్ అవర్ పవర్ బ్యాంకులో సుమారు 37 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. మధ్యలో పోయేది పోగా పాతిక వాట్ అవర్లు చేతికి వస్తాయనుకుందాం. ఒకటిన్నర వాట్ల పంపు దాంతో పదహారు గంటల వరకు నడుస్తుంది. అంటే ఒక రాత్రి గడిచిపోతుంది. ఒక్క జాగ్రత్త ఉంది. కొన్ని పవర్ బ్యాంకులు, తీసుకునే కరెంటు మరీ తక్కువైతే ఫోను చార్జింగు అయిపోయిందనుకుని వాటంతట అవే ఆగిపోతాయి. కొన్న రోజే పంపు తగిలించి రెండు గంటలు నడిపి చూడండి.

పెద్ద సెల్స్ వేసుకునే బ్యాటరీ పంపులు కూడా ఉన్నాయి. వాటిలో కొన్ని ప్లగ్గులో ఉంచితే చాలు, కరెంటు పోయిన క్షణాన వాటంతట అవే మొదలవుతాయి. పగలంతా ఆఫీసుకు వెళ్లే కుటుంబాలకు ఇవి బాగా పనికొస్తాయి. వాడకపోయినా ఏడాదికోసారి సెల్స్ మార్చండి. పాత సెల్స్ కారి లోపలి రేకులు తుప్పు పడతాయి.

ఇంట్లో ఇన్వర్టరు ఉంటే ఎయిర్ పంపును దాని లైనులో ఉన్న సాకెట్‌కే పెట్టండి. గంటా రెండు గంటల కోతకు అది చాలు. అయితే రోజుల తరబడి కరెంటు లేకపోతే ఇన్వర్టరు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. చిన్న పంపు కోసం ఆన్‌లో ఉంచినా, అది తన పనికే కొంత కరెంటు లాగేస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు నగరంలో చాలా ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత శ్రీకాకుళం జిల్లా పల్లెలదీ అదే పరిస్థితి. అలాంటప్పుడు ఇన్వర్టరులో బలం ఉండగానే పవర్ బ్యాంకులు నింపుకుని, పంపును వాటి మీదికి మార్చడం మేలు. జనరేటర్ వాడేవాళ్లు దాన్ని ఆరుబయటే, కిటికీలకు దూరంగా పెట్టాలి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనుషుల ప్రాణాలే తీస్తుంది.

ఇవేవీ లేకపోతే? మగ్గు ఉంది కదా. సబ్బు తగలని శుభ్రమైన మగ్గుతో తొట్టెలోని నీళ్లే ముంచి, జానెడు ఎత్తు నుంచి సన్నటి ధారగా తిరిగి పోయండి. గంటకోసారి అయిదు నిమిషాలు ఇలా చేస్తే పైపొర కదులుతుంది, అడుగు నీళ్లు పైకి వస్తాయి. చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తుంటే ఇంకా తరచుగా చేయండి. ఇంట్లో పిల్లలుంటే ఈ పని వాళ్లకు అప్పగించండి, సంతోషంగా చేస్తారు.

రెండో సంగతి ఫిల్టరు. చేపల విసర్జనలోంచి, మిగిలిపోయిన మేతలోంచి అమ్మోనియా అనే విషం పుడుతుంది. ఫిల్టరులోని స్పాంజిలో స్థిరపడిన బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఆ తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ బాక్టీరియాకూ ఆక్సిజన్ కావాలి. మూత బిగించిన క్యానిస్టర్ ఫిల్టరు గంటల తరబడి ఆగితే లోపల ఆక్సిజన్ అయిపోయి నీళ్లు కుళ్లుతాయి. కరెంటు రాగానే అది దానంతటదే మొదలై ఆ కుళ్లునీటిని తొట్టెలోకి తోస్తుంది. అందుకే ఎక్కువసేపు కరెంటు రాదని తెలిస్తే ముందే ప్లగ్గు తీసి, స్పాంజిని బయటికి తీసి తొట్టె నీళ్లలోనే ఉంచండి. దీనికి ఇంకా మంచి ఉపాయం ఉంది. తొట్టెలో మొదటి నుంచీ ఒక స్పాంజి ఫిల్టరు పెట్టుకోండి. అది ఎయిర్ పంపు గాలితోనే నడుస్తుంది కాబట్టి, కరెంటు పోయినప్పుడు దాని గొట్టాన్నే పవర్ బ్యాంకు పంపుకు తగిలించవచ్చు. చేపకు గాలీ, బాక్టీరియాకు గాలీ ఒకే పంపుతో అందుతాయి.

కరెంటు లేనంతసేపూ మేత వేయకండి. తిన్నది అరిగించుకోవడానికి ఆక్సిజన్ ఖర్చవుతుంది, విసర్జన అమ్మోనియాను పెంచుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప కొన్ని రోజులు మేత లేకుండా ఉండగలదు. తొట్టె మూత కొంచెం తెరిచి, చేపలు ఎగిరి పడకుండా పైన పలచటి వల గుడ్డ కప్పండి. ఎండాకాలమైతే సీసాలో నీళ్లు గడ్డకట్టించి, మూత బిగించి తొట్టెలో తేలనివ్వండి. అయితే నీళ్లు ఒక్కసారిగా చల్లబడకూడదు, ఒకటి రెండు డిగ్రీలు దిగగానే సీసా తీసేయండి. చలికాలమైతే తొట్టె చుట్టూ దుప్పటి చుట్టి పైభాగం మాత్రం వదిలేయండి.

ఎయిర్ పంపు గొట్టానికి నాన్ రిటర్న్ వాల్వు తప్పనిసరిగా పెట్టించండి. పంపు ఆగినప్పుడు తొట్టె నీళ్లు గొట్టంలోంచి వెనక్కి వచ్చి నేల మీదికీ, పంపులోకీ చేరకుండా అది ఆపుతుంది. దాని ధర చాలా తక్కువ.

చేపలన్నీ ఒకటి కావు. ఫైటరు, గౌరామి నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలవు. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీనుకూ ఆ శక్తి ఉంది. గోల్డ్ ఫిష్‌కు అంత వెసులుబాటు లేదు, పైగా అది చల్లటి నీళ్లను ఇష్టపడే జాతి. చిన్న గుండ్రటి గాజు గిన్నెలో రెండు మూడు గోల్డ్ ఫిష్‌లను పెట్టి, కరెంటు పోయిన రాత్రి వాటిని కాపాడుకోవడం చాలా కష్టం. తొట్టె వెడల్పుగా, చేపలు తక్కువగా ఉంటే కరెంటు లేని వేళ మనకు ఎక్కువ సమయం దొరుకుతుంది. కొత్త చేప కొనే ముందు ఈ మాట తలచుకోండి.

కరెంటు వచ్చాక తొందరపడకండి. ఫిల్టరు స్పాంజిని తొట్టె నీళ్లతోనే పిండి కడగండి, కుళాయి నీళ్లతో వద్దు. అందులోని క్లోరిన్ మంచి బాక్టీరియాను చంపేస్తుంది. తొట్టె నీళ్లలో నాలుగో వంతు తీసేసి, యాంటీ క్లోరిన్ కలిపిన నీళ్లు పోయండి. మర్నాడు మేత కొంచెమే వేయండి. తొట్టెలో చేయి పెట్టే ముందు అన్ని ప్లగ్గులూ తీయడం ఎప్పుడూ మరిచిపోవద్దు.

చివరగా ఒక పని చెబుతాను. వచ్చే ఆదివారం పగటిపూట, ఇంట్లో అందరూ ఉన్నప్పుడు, తొట్టె ప్లగ్గులన్నీ తీసి పవర్ బ్యాంకు పంపు ఒక్కటే గంటసేపు నడపండి. గొట్టం సరిపోయిందా, బుడగలు వస్తున్నాయా, పంపు, వాల్వు, టార్చి, మగ్గు ఎక్కడున్నాయో ఇంట్లో ప్రతివాళ్లకూ తెలుసా, చూసుకోండి. అన్నీ ఒక డబ్బాలో పెట్టి తొట్టె కిందే ఉంచండి. తెచ్చి పెంచుకుంటున్న జీవాన్ని కష్టకాలంలో కాపాడే బాధ్యత మనదే. దానికి కావలసింది ఆ డబ్బా, ఒక గంట సాధన.