ఇంజను వేడెక్కితే కరిగేది ఎవరి బంగారం?

(పాతబస్తీలో జరిగిన ఒక మహిళా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆస్తి హక్కు గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆస్తి అనగానే మనకు పొలం, ఇల్లు గుర్తుకొస్తాయి. ఈ బస్తీల్లో చాలా కుటుంబాలకు పొలం లేదు, ఇల్లు అద్దెది. వాళ్లకున్నదల్లా గుమ్మం ముందు నిలబెట్టిన ఒక పాత బండి. అందుకే ఇవాళ నేను ఇంజను గురించి మాట్లాడతాను.

పోయిన వేసవిలో మదీనా చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో నా పాత మారుతి ఆగిపోయింది. బానెట్ సందుల్లోంచి ఒకటే ఆవిరి. నలుగురు కుర్రాళ్లు పక్క సందులోని షెడ్డు దాకా తోసిపెట్టారు. మెకానిక్ ఒకసారి తొంగి చూసి, "ఇంజను పోయింది, మార్చాలి. సార్‌కి ఫోను కలపండి, మాట్లాడతాను" అన్నాడు. బండి నాది, కాగితాలు నా పేరిట ఉన్నాయి, డబ్బు నాది. నిర్ణయం మాత్రం లేని సార్‌ది!

నాకు కోపం వచ్చింది. అయితే ఆ కోపాన్ని వెంటనే మరిచిపోయేలా చేసిన మనిషి అక్కడే స్టూలు మీద కూర్చుని ఉంది. ఆమె భర్త ఓమ్నీలో బడి పిల్లల్ని తిప్పుతాడు. అదీ వేడెక్కి ఆగిపోయింది. సెకండ్ హ్యాండ్ ఇంజను వేయాలన్నారట. తన గాజులు తాకట్టు పెట్టి డబ్బు తెచ్చింది. "బండికి ఏమైందట?" అని అడిగాను. "నాకేం తెలుసు మేడమ్, ఎంత తెమ్మంటే అంత తెచ్చాను" అంది.

ఆ ఒక్క మాటలో మన సమస్య అంతా ఉంది. ఖర్చు ఆమెది, లెక్క వాళ్లది. ఆమె బంగారం షెడ్డులోకి వెళ్లగలిగింది, ఆమె ప్రశ్న వెళ్లలేకపోయింది.

నిజానికి ఇందులో మగవాళ్లకే అర్థమయ్యే రహస్యం ఏమీ లేదు. పెట్రోలు మండితే పుట్టే వేడిని ఇంజను చుట్టూ తిరిగే నీళ్లు తీసుకుపోయి రేడియేటర్‌లో చల్లారతాయి. ఆ నీళ్లు ఎక్కడో కారిపోవచ్చు. ఫ్యాను తిరగకపోవచ్చు. థర్మోస్టాట్ అనే చిన్న కవాటం తెరుచుకోకపోవచ్చు. వాటర్ పంపు పాడవచ్చు. ఇవన్నీ ఇంజను ధరతో పోలిస్తే చిన్న ఖర్చులు. ముల్లు ఎర్ర గీత దాటాక కూడా నడిపితేనే కష్టం. హెడ్ గాస్కెట్ కాలిపోతుంది, అల్యూమినియం హెడ్ వంగుతుంది. నీళ్లు ఆయిల్‌లో కలిస్తే డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు పోసిన చాయ్ రంగులో కనిపిస్తుంది. సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వదలకుండా వస్తుంది. అప్పుడు కూడా ఇంజను పోయినట్టు కాదు. హెడ్ విప్పి, లేత్ షాపులో చదును చేయించి, కొత్త గాస్కెట్ వేస్తే చాలాసార్లు సరిపోతుంది. బ్లాకు పగిలినా, పిస్టన్లు పట్టేసి బోరు బాగా గీసుకుపోయినా అప్పుడు ఇంజను మార్చే మాట.

కనుక అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: హెడ్ విప్పి చూశారా? రెండోది, పాత సామాను నాకు తిరిగి ఇస్తారా? మూడోది, ఖర్చు కాగితం మీద రాసిస్తారా? ఇంజను మార్చక తప్పకపోతే నాలుగోది, వచ్చే ఇంజను నంబరు ఏది, అది ఏ బండిది, రసీదు ఏది? 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజను మార్చిన సంగతి 14 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. తెలియజేయకపోతే ఆర్.సి.లో ఒక నంబరు, బండిలో ఒక నంబరు ఉంటాయి. ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ అడిగేది ఆ నంబరే. ఆ ఇంజను దొంగ బండిదైతే పోలీసులు వచ్చేదీ మన గుమ్మానికే.

స్వయం ఉపాధితో బతకడానికి కొన్న వస్తువుకైతే కొన్నవారు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారులే. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. కానీ రసీదు ఆమె పేరిట లేకపోతే ఆమె మాట ఎవరు వింటారు?

ఇక బంగారం సంగతి. స్త్రీధనం భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి కాదని సుప్రీంకోర్టు 1985లోనే ప్రతిభారాణి కేసులో చెప్పింది. ఆపదలో భర్త వాడుకున్నా, దాన్ని గాని దాని విలువను గాని తిరిగి ఇవ్వవలసిన నైతిక బాధ్యత అతనిదేనని 2024లో మళ్లీ చెప్పింది. ముస్లిం స్త్రీకి మెహర్ కూడా ఆమె సొంతమే. ఇంజను వేడెక్కడం ఆపదే, కాదనను. కానీ ఆపదలో ఇచ్చినది అప్పు అని ఏ ఇంట్లో రాసి పెట్టారు?

ఆ భర్త చెడ్డవాడని నేను అనడం లేదు. బండి నిలిచిన ప్రతి రోజూ కిస్తు అతని మెడ మీద ఉంటుంది. ఆ మెకానిక్ కూడా చిన్ననాడే బడి మాని పానా పట్టుకున్న పేదవాడే. అడగడం అంటే అనుమానించడం కాదు. పదిమందికీ తిండి పెట్టే బండి గురించిన నిర్ణయంలో కూర్చోవడం.

ఆ రోజు మేమిద్దరం కలిసే అడిగాం. రెండు రోజుల తర్వాత నేను వెళ్లేసరికి ఓమ్నీ ముందు సీట్లు తీసేసి ఉన్నాయి. వాటి కిందే కదా ఇంజను. హెడ్ విప్పి ఉంది. కొద్దిగా వంగింది, అంతే. లేత్ షాపుకి పంపారు. నా బండిదీ దాదాపు అదే కథ. ఇంజను ఎవరికీ మార్చవలసిన అవసరం రాలేదు.

మిగిలిన డబ్బు ఆమె చేతికే తిరిగొచ్చింది. గాజులు మాత్రం ఇంకా తాకట్టులోనే ఉన్నాయి. వాటిని ఎవరు, ఎప్పుడు, ఏ సంపాదనతో విడిపించాలి? ఈ ప్రశ్నని మీ ఇళ్లలో ఈ రాత్రే అడగమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.