బాలింత పథ్యం – బెరిబెరి



మా అమ్మమ్మది కావలి దగ్గర సముద్రపొడ్డు పల్లె. మొదటి కాన్పులో మగబిడ్డ పుట్టాడు. మూడో నెలలో ఉన్నట్టుండి పాలు తాగడం మానేశాడట. ఏడుస్తున్నాడని మొహం చూస్తే తెలిసేదే గాని గొంతు పెగిలేది కాదట. ఆయాసం వచ్చి రెండు రోజుల్లో దక్కకుండా పోయాడు. దిష్టి తగిలిందన్నారు. అమ్మమ్మ పోయేదాకా అదే నమ్మింది. ఈ లక్షణాలు ఒక డాక్టరమ్మతో చెబితే, "పసిబిడ్డల బెరిబెరి అయివుండవచ్చు" అన్నారు.

బెరిబెరి అంటే థయామిన్, అనగా బి1 విటమిను లోపం. తిన్న అన్నం ఒంటికి శక్తిగా మారాలంటే ఇది కావాలి. చాలకపోతే నరాలు, గుండె దెబ్బతింటాయి. పాదాలు తిమ్మిరెక్కి, పిక్కలు నొప్పి పుట్టి, కూర్చున్నవారు లేవలేకపోతే పొడి బెరిబెరి. కాళ్ళకు నీరు పట్టి, గుండెదడ, ఆయాసం వస్తే తడి బెరిబెరి.

మన కోస్తాకు ఇది పాత జబ్బే. మాల్కంసన్ అనే వైద్యుడు దీని గురించి 1835లోనే మద్రాసులో పుస్తకం వేశాడు. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనగా మొదలైనదే నేడు హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ.

మరి పక్కనున్న తమిళులకు అంతగా రానిది మనకెందుకు వచ్చింది? వాళ్ళు తిన్నది ఉప్పుడు బియ్యం. వడ్లు ఉడికినప్పుడు తవుడులోని విటమిను గింజలోకి దిగుతుంది. మనకేమో మల్లెపూవులాంటి అన్నం కావాలి! నూరు గ్రాముల దంపుడు బియ్యంలో థయామిన్ సుమారు 0.21 మిల్లీగ్రాములుంటే, మరపట్టిన పచ్చి బియ్యంలో 0.06 మాత్రమే. ఆ కాస్తా కడుగునీళ్ళతో, వార్చిన గంజితో కుడితి తొట్టిలోకి పోతుంది. బలం గేదెకు, తెల్లదనం మనకు!

దీనికి తోడు బాలింత పథ్యం. పప్పు కూడదు, కూర కూడదు. తెల్లన్నం, కారప్పొడి చాలు. తల్లి పైకి బాగానే కనిపిస్తుంది, పాలూ పడతాయి. ఆ పాలలో థయామిన్ చాలినంత ఉండదు. గండం బిడ్డకు!

కనుక అన్నం అత్తెసరు పెట్టండి. మూడుసార్లు రుద్ది కడగకండి. ముడిబియ్యమో ఉప్పుడు బియ్యమో అలవాటు చేసుకోండి. బాలింతకు కందిపప్పు, పెసరపప్పు, వేరుశనగలు, గుడ్డు పెట్టండి. పసిబిడ్డకు గొంతు బొంగురుపోయి, పాలు తాగక, ఆయాసపడితే దిష్టి తీస్తూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. బెరిబెరే అయితే, వేళకు పడిన థయామిన్ ఇంజక్షనుతో కొన్ని గంటల్లోనే బిడ్డ తేరుకుంటుంది.

ఈ మాట అమ్మమ్మకు చెప్పలేకపోయాను. మీ అమ్మాయి పురిటికి వచ్చినప్పుడు మీరు గుర్తుంచుకుంటే చాలు.