ఒప్పులకుప్ప నుంచి చొక్కా గుండీ దాకా



పోయిన సంవత్సరం మా ఖర్చుల లెక్కలో 'కదలికల తరగతి' అన్న పద్దు చూసి ఒక పెద్దాయన అడిగారు: "మాస్టారూ, ఆటిజం పిల్లలకు డ్యాన్సు నేర్పడానికా మన డబ్బు?" అడగవలసిన మాటే. ఆ పద్దుకు జవాబు చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాం.

అన్నం కలుపుకోవడం, గుండీ పెట్టుకోవడం, పెన్సిలు పట్టుకోవడం లాంటి రోజువారీ పనులు పిల్లవాడు తనంతట తాను చేసుకునేలా తయారుచేయడమే ఆక్యుపేషనల్ థెరపీ. దానికి ముందు ఒళ్లు తన అదుపులోకి రావాలి. ఇంద్రియాలు ఐదని పాఠం చెబుతాం గానీ, పాఠంలో లేనివి ఇంకో రెండున్నాయి. లోపలి చెవిలో ఉండి ఒంటి తూకం చెప్పేది ఒకటి. కళ్లు మూసుకున్నా మన చెయ్యి ఎక్కడుందో కండరాలు, కీళ్ల ద్వారా చెప్పేది రెండోది. అమెరికాలో ఎ. జీన్ ఏయర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు ఏళ్ల తరబడి వీటి మీద పనిచేసి 1972లో పుస్తకం రాశారు. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి ఈ కబురు మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో అందుతుంది. అందుకే ఒకరు గిరగిరా తిరుగుతూనే ఉంటారు, ఇంకొకరు మెట్టు దిగాలంటే వణుకుతారు.

ఇదంతా మొదట్లో మాకూ తెలియదు. ఒక వార్షికోత్సవానికి అందరితోపాటు ఒక బాబును వరుసలో నిలబెట్టి పెద్ద స్పీకరు పెట్టించాం. వాడు చెవులు మూసుకుని నేలమీద పడిపోయాడు. మొండితనం అనుకుని లేపి మళ్లీ నిలబెట్టాం. బి.ఇడి. చదివి పాతికేళ్లు పాఠాలు చెప్పిన మాకు అది శబ్దం వల్ల కలిగిన బాధ అని తట్టలేదు. వాళ్లమ్మ ఒక్క మాట అనకుండా ఇంటికి తీసుకెళ్లిపోయింది.

తర్వాత వచ్చిన థెరపిస్టు గారు ముందు స్పీకరు తీయించారు. ఒక్క దఫ్ ఉంచారు, అదీ వేళ్లతో మెల్లగా. మన ఆటలే అడిగి తెలుసుకున్నారు. ఒప్పులకుప్ప తూకానికి, తొక్కుడుబిళ్ల కాళ్ల కీళ్లకు. అన్నిటికంటే కోలాటం పనికొచ్చింది. కుడిచేతి కర్ర ఎడమ పక్కకు దాటాలి, ఎదుటివాడి కర్ర కోసం ఆగాలి. మాటతో పనిలేదు. తరువాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో ముందే తెలుసు గనుక బెదురు తక్కువ. గిరగిరా తిప్పే ఆట మటుకు థెరపిస్టు ఎదుటే. మూర్ఛ ఉన్న పిల్లల విషయంలో మరీ జాగ్రత్త.

ఆ బాబు మూడు నెలలు గోడ పక్కనే నిలబడ్డాడు. వద్దన్న రోజు బలవంతపెట్టలేదు. నాలుగో నెలలో ఒక రోజు తనే కర్ర తీసుకుని మా కర్రకు తాకించాడు. ఇప్పుడు పది నిమిషాలు కోలాటం ఆడాక కుదురుగా కూర్చుని గుండీలు పెట్టుకుంటాడు. పై గుండీకి ఇంకా సాయం కావాలి. మాటలు రాలేదు. ఆటిజం పోగొడతామంటూ డ్యాన్సు పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే మాత్రం ఇవ్వకండి. ఈ పద్ధతి మీద జరిగిన పరిశోధనలు ఇంకా చిన్నవే.

తల్లిదండ్రులకు ఒక మాట. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, సర్టిఫికెట్ తీసుకోవడానికి మొహమాటపడకండి.

థెరపిస్టు గారు వారానికి రెండు రోజులే వస్తున్నారు. మూడో రోజుకు ఫీజు కావాలి, బండల నేల మీద పరచడానికి మెత్తటి మ్యాట్లు కావాలి. ఇచ్చేముందు ఒకసారి వచ్చి చూడండి, గుమ్మం దగ్గర కుర్చీలు వేస్తాం. ఆ రోజుకు అత్తరు పూసుకోకండి, ఆట బాగుందని చప్పట్లు కొట్టకండి. చెయ్యి పైకెత్తి ఊపితే చాలు, పిల్లలకు తెలుస్తుంది.