చక్కెర జబ్బు – రెండు వైద్యాలు

ఉగాదినాడు, నోట తీపి ఉండగానే, చక్కెర జబ్బు మాట ఎత్తుతున్నాము.

మన రాజపాళయం పక్కనున్న సత్రపట్టి మగ్గాలమీద నేసేది గాయాలకు కట్టే గుడ్డ. గాయానికి, విరిగిన ఎముకకు ఇంగ్లీషు వైద్యము గట్టిదే. 1922లో టొరాంటోలో ఇన్సులిన్ తొలిసారి ఇచ్చిన తరువాతనే చక్కెర జబ్బు పిల్లలు బ్రతికి బట్టకట్టారు. కాని ఇది జీవితాంతము వెంట ఉండే జబ్బు. రెండు నిమిషాలలో చీటీ వ్రాసి పంపితే ఎట్లా? ఏమి తింటున్నాడు, మిల్లులో రాత్రి షిఫ్టు ఉన్నదా, ఎవరడుగుతున్నారు? పాదము చూసేవారు అంతకంటె తక్కువ. తిమ్మిరెక్కిన కాలికి ముల్లు గుచ్చుకొన్నా తెలియదు. పుండు ముదిరిన తరువాత ఆ గుడ్డ కట్టి లాభమేమి?

విసిగి నాటువైద్యుని దగ్గరకు పోతాము. ఆయన నాడి పట్టి, అరగంట మాట్లాడతాడు. సగము బాధ అక్కడే తీరుతుంది. అయితే "వేరుతో తీసివేస్తాను, సూది మానండి" అంటాడే, అక్కడ ఉన్నది చిక్కు. ఇన్సులిన్‌తోనే బ్రతికేవారు అది మానితే కొద్ది దినాలలోనే ప్రాణము మీదికి వస్తుంది. కాకరకాయ మంచి కూరే. ఇన్సులిన్ మాత్రము కాదు. కొన్ని భస్మాలలో సీసము, పాదరసము ఉన్నట్లు పరీక్షలలో బయటపడినది కూడా.

2021 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వము ఈ జబ్బు మందులను ఇంటికే తెచ్చి ఇచ్చే పథకము మొదలుపెట్టినది. మందు గడప దాకా వచ్చినది, మంచిదే. ఈ సాయంత్రము మన పెద్దవారి అరికాళ్ళు దీపము దగ్గర మనమే చూద్దాము.